గుంత దిక్కు చూడున్రి సార్

నా మొదటి గోల్ఫ్ షాట్‌కి బంతి కదల్లేదు. రెండోదానికీ కదల్లేదు. మూడోసారి కర్ర నేలకి తగిలి, ఎర్రమట్టి పెళ్ళ ఒకటి లేచి నా చొక్కా మీదే పడింది. ఆటగాళ్ల సంచులు మోసే కేడీ కుర్రాళ్లు నలుగురు అక్కడే ఉన్నారు. వాళ్లు ఒక్కసారిగా తలలు తిప్పుకుని, దూరంగా మేస్తున్న మేకల్ని మహా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. వాళ్లు పగలబడి నవ్వి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

అది 1988. నాకు ఇరవై ఏడేళ్లు. మాది గోదావరి జిల్లా, ఉద్యోగం మాత్రం తెలంగాణలో ఒక ప్రభుత్వరంగ కంపెనీ టౌన్‌షిప్‌లో. మా మేనేజర్‌గారి ఆదివారం ఆటకి నాలుగో మనిషి తక్కువయ్యాడు. "రేపు ఆరింటికి వచ్చెయ్" అన్నారు. వస్తావా అని అడగలేదు. గోల్ఫ్ అంటే అప్పటికి నాకు తెలిసిందల్లా డబ్బున్నవాళ్లు తెల్ల ప్యాంట్లు వేసుకుని ఆడతారని. నా దగ్గర తెల్ల ప్యాంటు కూడా లేదు.

మా మైదానంలో తొమ్మిది గుంతలే. పద్దెనిమిది ఆడాలంటే రెండుసార్లు చుట్టి రావాలి. వానాకాలం మూడు నెలలు కాస్త గడ్డి ఉండేది, తర్వాత నేల సిమెంటులా బిగుసుకుపోయేది. ఇక గుంత చుట్టూ ఉండే చదునైన చోటుని గ్రీన్ అంటారు. గ్రీన్ అంటే పచ్చగా ఉండాలి కదా. మాకు గ్రీన్‌లు లేవు, బ్రౌన్‌లు ఉండేవి. నీళ్లు లేని చోట గోల్ఫ్ ఆడాలని పట్టుబట్టినవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి, గుండ్రంగా పరిచి, రోలర్‌తో అణిచేవాళ్లు. ఆయిల్ పట్టిన ఇసుక గాలికి లేవదు. మనిషి నడిస్తే మాత్రం అడుగులు పడతాయి. అందుకని ప్రతి జట్టూ ఆడి వెళ్లాక ఒక గోనెసంచికి తాడు కట్టి, బ్రౌన్ చుట్టూ లాగి చదును చెయ్యాలి. బంతికీ గుంతకీ మధ్య దారిని ఒక చెక్కతో లాగి సాపు చేసుకునే వెసులుబాటు కూడా ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో ఆ వాసన ముక్కు లోపలే కాపురం పెట్టేది. మా ఆవిడ ప్యాంటు అంచుల మీద నల్లమరకలు చూసి, "మీరు వెళ్లేది ఆటకా, లారీ షెడ్డుకా?" అనేది.

బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కర్రలు కొన్నాను. సంచిలో 14 వరకు పెట్టుకోవచ్చని రూలు. నా దగ్గర ఉన్నవి ఆరు. దూరం కొట్టడానికి ఒక వుడ్, 5, 7, 9 నంబరు ఐరన్‌లు, ఇసుకలోంచి బంతిని లేపడానికి ఒక సాండ్ వెడ్జ్, గుంతలోకి దొర్లించడానికి ఒక పటర్. బంతులు సర్కారు తుమ్మ పొదల్లోకి పోయేవి. పిల్లలు వాటిని వెతికి తెచ్చి మళ్లీ మాకే అమ్మేవాళ్లు. ఒకసారి అయిదు రూపాయలు పెట్టి కొన్న బంతి మీద నేను బాల్‌పెన్‌తో వేసుకున్న గుర్తు ఉంది. "ఇది నాదేరా" అంటే, "నిన్న మీదే సార్, ఇయ్యాల నాది" అన్నాడు ఆ కుర్రాడు. వాదించడానికి నా దగ్గర పాయింటు లేదు. వాళ్ల బుట్టలో ఇంకా పాత బ్రిటిష్ చిన్న బంతులు కూడా ఉండేవి, 1.62 అంగుళాలవి. 1990తో వాటికి కాలం చెల్లింది. ఇప్పుడు ఎక్కడైనా బంతి 1.68 అంగుళాలకు తగ్గకూడదు.

నా సంచి మోసిన పెద్దాయన గురించే ఇదంతా రాయడం. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పొద్దున ఆటగాళ్ల సంచులు మోసి, పగలు సొంత చెలకలో పని చూసుకునేవారు. అప్పట్లో ఆయన్ని నేను "నువ్వు" అనేవాడిని. అందరూ అలాగే అనేవారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొదటి ఏడాది ఆయన నాకు ఏమీ చెప్పలేదు. అడగని మనిషికి చెప్పరు కదా. నేను బలం కొద్దీ కొట్టేవాడిని, బంతి కొంత దూరం నేరుగా వెళ్లి, ఎవరో పిలిచినట్టు కుడివైపు తిరిగిపోయేది. దీన్నే స్లైస్ అంటారు, కొత్తవాళ్లందరికీ వచ్చే జబ్బు. కర్ర బయటినుంచి లోపలికి కోస్తూ వస్తుంది, దాని ముఖం ఆ దారికి కుడివైపుగా తెరుచుకుని ఉంటుంది, బంతి కుడివైపుకి తిరుగుతుంది. ఈ సంగతి తర్వాతెప్పుడో పుస్తకాల్లో చదివాను. అప్పుడు మాత్రం నాతో ఆడేవాళ్లు ముగ్గురూ, "తల ఎత్తుతున్నావోయ్" అనేవారు. గోల్ఫ్‌లో ఏ తప్పు జరిగినా పక్కవాడు చెప్పేది అదే. జ్వరానికి పారాసెటమాల్ లాంటి సలహా.

ఒకరోజు నేనే అడిగాను. ఆయన తన రబ్బరు చెప్పు విప్పి, బంతికి కొంచెం వెనకగా, నాకు అవతలి వైపున పెట్టారు. "చెప్పుకు తగలకుంట బంతిని కొట్టున్రి" అన్నారు. కొట్టాను. చెప్పు బంతికంటే దూరం వెళ్లింది. ఆయన ఒంటికాలి చెప్పుతో వెళ్లి తెచ్చుకుని మళ్లీ అక్కడే పెట్టారు. అలా ఆ నెలంతా చెప్పులు ఎగిరాయి. ఒక్క 7 నంబరు ఐరన్ తప్ప ఇంకోటి ముట్టుకోనివ్వలేదు. నెలాఖరుకి చెప్పు కదలడం తగ్గింది. బంతి కూడా, ఎవరూ పిలవనట్టు, నేరుగా పోవడం నేర్చుకుంది.

అయినా స్కోరు వంద దిగలేదు. గోల్ఫ్‌లో స్కోరంటే కొట్టిన దెబ్బల లెక్క, ఎంత తగ్గితే అంత మంచిది. మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బల లెక్కని పార్ అంటారు. పార్ 72 అంటే ప్రతి గుంత దగ్గరా రెండేసి పట్‌లు, అంటే పటర్‌తో దొర్లించే దెబ్బలు, కలుపుకుని వేసిన లెక్క. అంటే సగం ఆట, 36 దెబ్బలు, గుంత చుట్టుపక్కలే. నేను మాత్రం ఆ చివరి పది అడుగుల్లో వణికిపోయేవాడిని. గుంత అడ్డం నాలుగుంపావు అంగుళాలు. రెండు బంతులు పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. నాకు మాత్రం ఒక్క బంతికీ చోటు లేనట్టే కనిపించేది. మూడేసి పట్‌లు, ఒక్కోసారి నాలుగు.

ఒక సాయంత్రం ఆట అయిపోయాక ఆయన నా చేతిలోంచి పటర్ తీసుకుని పక్కన పెట్టేశారు.

"చిన్నప్పుడు గోటీలు ఆడలేదా సార్?"

మావైపు గోళీలంటాం. ఆడకేం, మా వీధిలో నేనే మొనగాణ్ణి. బొటనవేలు నేల మీద ఆన్చి, నడివేలు వెనక్కి వంచి, అయిదారు అడుగుల దూరంలో ఉన్న గుంతలోకి గోళీ తోసేవాళ్లం. జేబు చిరిగేదాకా గెలిచి, ఇంటికొచ్చి అమ్మ చేత దెబ్బలు తిన్న రోజులున్నాయి.

"అప్పుడు ఎటు చూసేటోల్లు? చెయ్యి దిక్కా, గుంత దిక్కా?"

నేను ఆలోచించాల్సి వచ్చింది. చెయ్యిని చూసినట్టు ఒక్కసారీ గుర్తు లేదు.

"మరి ఇప్పుడెందుకు కర్రను చూస్తున్నరు? గుంత దిక్కు చూడున్రి సార్."

ఆ సాయంత్రం ఆయన నా చేత కర్ర ముట్టించలేదు. వంగి, చేత్తో బంతిని గుంత వైపు దొర్లించమన్నారు. అయిదు అడుగుల నుంచి, పది నుంచి, ఇరవై నుంచి. ఆశ్చర్యం ఏంటంటే చేత్తో దొర్లిస్తే బంతి గుంత దగ్గరే ఆగేది. ఎంత బలం కావాలో చేతికి ముందే తెలుసు. నాకే తెలియదు. చీకటి పడ్డాక, బంతి కనిపించనంత చీకట్లో, పటర్ ఇచ్చారు. గుంత ఉన్న చోట తన బీడీ వెలిగించుకుని కూర్చున్నారు. ఆ నిప్పుని చూస్తూ కొట్టాను. బంతి ఆయన కాలికి తగిలి ఆగింది.

1991లో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టోర్నీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. అంతకుముందు 1965లో పి.జి. సేఠీ గెలిచినా, ఆయన డబ్బుకి ఆడని అమెచ్యూర్. అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కేడీగా మొదలైనవాడు. పేపర్లో వార్త చదివి, మా కేడీలకి టీ చెట్టు కింద చెప్పాను. టీ తాగే చెట్టు కాబట్టి దానికి ఆ పేరు. పెద్దాయన ఏమీ అనలేదు గానీ కుర్రాళ్లలో పెద్ద కలకలం లేచింది. సోమవారం మైదానం వాళ్లది, మెంబర్లు రారు. ఆ సోమవారం నుంచి ప్రతివాడూ అలీ షేరే. కర్రలెక్కడివి? వంచిన ఇనుప చువ్వలు, విరిగిన ఐరన్‌కి వెదురు అతికించినవి. ఒకడు కుడిచేయి కింద, ఎడమచేయి పైన అన్న పద్ధతిని తలకిందులు చేసి పట్టుకుని మా అందరికంటే నేరుగా కొట్టేవాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో.

నా మొదటి 99 కూడా ఆ ఏడాదే. చివరి గుంతలో బంతి పడగానే నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను. మేనేజర్‌గారు చెయ్యి కలిపారు, టీ తాగించారు. పెద్దాయన సంచి దింపి, కార్డు వైపు చూసి, "ఇందుల పట్‌లు ఎన్ని సార్?" అన్నారు. లెక్కపెట్టాను, 41.

"అయితే ఇంకో అయిదు ఇక్కడనే దొరుకుతయి. అంత దూరం కొట్టేదానికి ఎందుకు పోవుడు?"

"మీరు చెప్పినట్టే చేద్దాం," అన్నాను. మీరు అన్నానని ఆ రాత్రి పడుకున్నాక గానీ నాకు తట్టలేదు. మర్నాడు మళ్లీ "నువ్వు" అనబోయాను, నోరు రాలేదు.

1999లో విశాఖ వచ్చేశాను. ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో మొదటిసారి నిజమైన గడ్డి గ్రీన్ మీద నిలబడినప్పుడు బూట్లు విప్పాలనిపించింది. మా బ్రౌన్ మీద బంతి ఉసూరుమంటూ వెళ్లేది, ఇక్కడ జారిపోతోంది. వాలు ఎటుందో కనిపెట్టకపోతే గుంత దాటి ఇంకో పది అడుగులు. దానికి అలవాటు పడటానికి ఏడాది పట్టింది. కానీ సముద్రపు గాలి విషయంలో నా పాత బడి చదువు పనికొచ్చింది. గాలి ఎదురుగా వస్తున్నప్పుడు అందరూ ఇంకా గట్టిగా కొడతారు. గట్టిగా కొడితే బంతి తన చుట్టూ తాను వెనక్కి గిర్రున ఎక్కువ తిరుగుతుంది, పైకి లేస్తుంది, గాలి దాన్ని పట్టుకుని ఆడుకుంటుంది. మా గట్టి నేల మీద బంతిని ఎత్తకుండా, ముందే పడేసి దొర్లించడం అలవాటు నాకు. బంతిని ఎత్తుగా లేపే 9 నంబరు కొట్టాల్సిన చోట, తక్కువ ఎత్తులో పంపే 7 తీసుకుని, సగం ఊపుతో, మెల్లగా. పక్కన స్టైలుగా కొట్టేవాళ్లు నా షాట్ చూసి పెదవి విరిచేవారు. గ్రీన్ మీదకి వెళ్లి చూస్తే నా బంతి అక్కడ ఉండేది, వాళ్లది పొదలో ఉండేది. అప్పుడు పెదవి మామూలయ్యేది.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత నాకు జీతం పెరిగింది, బుద్ధి తగ్గింది. 14 కర్రల కొత్త సెట్టు కొన్నాను. అన్నిటికంటే దూరం కొట్టే కర్ర, నా తలకాయంత టైటానియం డ్రైవర్ కొన్నాను. పత్రికలు తెప్పించాను, ఆ తర్వాత వీడియోల కాలం వచ్చింది. ఎడమచేయి వంచకు, నడుము ముందు తిప్పు, మణికట్టు ఆలస్యంగా విప్పు, బరువు ఈ కాలి మీదకి, గడ్డం ఆ భుజం కిందకి. బంతి ముందు నిలబడితే, ఏడుగురు పురోహితులు ఒకేసారి ఏడు మంత్రాలు చెబుతుంటే తాళి ఎటు కట్టాలో తెలియని పెళ్లికొడుకులా ఉండేది నా పరిస్థితి. పార్ కంటే సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే అంకె హ్యాండీక్యాప్. నాకు 16 ఉన్నది 22కి పోయింది. ఆదివారం పొద్దున టెన్షన్ పడుతూ లేచేవాడిని. సరదాకి ఆడే ఆటకి ఎవరైనా బీపీ మాత్ర వేసుకుని వెళతారా? నేను వెళ్లాను.

వీడియోలు అబద్ధం చెప్పవు. వాటిలో చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ ప్రాక్టీసు చోట, ఒక్కొక్కటి ఒక్కో నెల పట్టుకోవాల్సినవి. నేను వాటిని ఆట మధ్యలోకి మోసుకెళ్లాను. ఒక్క చెప్పుతో నెల రోజులు గడిపిన మనిషినే నేను, ఆ సంగతి ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖలో ఉన్నవాళ్లకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. కరెంటు లేని రోజులన్నీ గడిచి, మళ్లీ ఆడటానికి వెళితే మైదానం గుండు చేయించుకున్నట్టుంది. నేను గురి పెట్టుకునే ఒక చెట్టు లేదు. పదిహేనేళ్లుగా మొదటి దెబ్బ కొట్టే చోట నిలబడి ఆ చెట్టు ఎడమకొమ్మని చూసి కొట్టేవాణ్ణి. ఆ రోజు కర్ర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చెట్టు లేకపోతే ఎటు కొట్టాలో తెలియలేదు సరే, అప్పటిదాకా నడుము, మణికట్టు, భుజం అని లెక్కపెడుతున్న బుర్ర కూడా ఖాళీ అయిపోయింది. దూరంగా కనిపిస్తున్న ఒక ఇంటి నీళ్లట్యాంకుని చూస్తూ కొట్టాను. చాలా ఏళ్ల తర్వాత నేరుగా వెళ్లిన షాట్ అది. ఇంటికొచ్చి అటక మీద నుంచి పాత సంచి దింపాను. పాత ఆరు కర్రల్లో అయిదు దొరికాయి. సాండ్ వెడ్జ్ తుప్పుపట్టి పోయింది, కొత్త సెట్టులోది పెట్టుకున్నాను. అప్పటి నుంచి నా సంచిలో ఆరే. మోయడానికీ తేలిక, ఏ కర్ర తీయాలా అని తల పట్టుకునే పనీ లేదు.

2021 ఆగస్టు 7న మా ఆవిడ జీవితంలో మొదటిసారి గోల్ఫ్ చూసింది. టోక్యో ఒలింపిక్స్, అదితీ అశోక్. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చుని, "ఈ పిల్లకి మిగతావాళ్లంత దూరం పోవట్లేదేం?" అంది. నిజమే, దూరంలో అదితి దాదాపు అందరికంటే వెనకే. గుంత దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతోంది. ఒక్క దెబ్బ తేడాతో కంచు పోయింది, నాలుగో స్థానం. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లూ ఇది ఇంత బావుంటుందని చెప్పలేదేంటి?" అని నా మీద కోపం కూడా తెచ్చుకుంది. ఆయిల్ మరకల రోజులు మరిచిపోయినట్టుంది.

అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ ఊరి మునిసిపాలిటీ వాళ్లకే గోల్ఫ్ మైదానాలుంటాయి. ఫోన్లో టైము తీసుకుని డబ్బు కట్టి వెళితే, ఎవరో తెలియని ముగ్గురితో కలిపి పంపిస్తారు. సంచి మనమే తోపుడుబండిలో లాక్కోవాలి. ఒకసారి నా జట్టులో ఎనభై దాటిన ఒక పెద్దావిడ వచ్చింది. ప్రతి షాటూ వంద గజాలు దాటదు, గీత గీసినట్టు మధ్యలోనే. నా ఆరు కర్రల్ని చూసి తన సంచి తెరిచి చూపించింది. అందులో అయిదే. నన్ను నాలుగు దెబ్బలతో ఓడించి, వెళుతూ వెళుతూ తన ఇంటి నిమ్మకాయలు ఇచ్చింది.

ఆ దేశంలోనే టీవీలో తీగల అనే ఇంటిపేరు చూసి సోఫాలోంచి లేచాను. సాహిత్ తీగల, తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు. 2023 మాస్టర్స్ టోర్నీ చివరి రోజున పదహారో గుంత దగ్గర, గ్రీన్ బయటి నుంచి బంతిని నేరుగా గుంతలోకి దింపాడు. ఆ సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ టోర్నీ గెలిచాడు. మనవాడని పొంగిపోవడంలో పెద్ద అర్థం లేదని తెలుసు, అయినా పొంగిపోయాను.

2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ పద్ధతి ప్రకారం, ఆఖరి 20 రౌండ్లలో మంచివి 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. మిగతా 12 ఉన్నట్టు కూడా చూడరు. దీన్ని ఎవరు కనిపెట్టారో గానీ మా ఇంట్లో లెక్కలు కూడా ఇలా కడితే బాగుండును. నాది ఇప్పుడు 17. అరవై నిండిన మనిషికి అది చాలు.

కిందటేడు పెద్దాయన కంటి ఆపరేషన్‌కి విశాఖ వచ్చారు. వాళ్ల అల్లుడు ఇక్కడే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కట్టు విప్పాక మా ఇంటికి తీసుకొచ్చాను. మా పాత టౌన్‌షిప్‌లో ఇప్పుడు ఆట లేదట, బ్రౌన్‌ల చోట కంపలు మొలిచాయట. ఆ మాట మామూలుగానే చెప్పారు. సాయంత్రం ఆయన్ని మైదానానికి తీసుకెళ్లాను, ప్రాక్టీస్ గ్రీన్ దగ్గరికి. నలభై ఏళ్లు సంచులు మోసిన మనిషి గడ్డి గ్రీన్ మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. అంచు దగ్గరే ఆగి, చెప్పులు విప్పి, వట్టి పాదాలతో మెల్లగా గుంత దాకా నడిచారు. వెనక్కి వచ్చి, "ఎడమ దిక్కు వాలు ఉన్నది" అన్నారు. నేను ఇరవై ఏళ్లు ఆడి కళ్లతో కనిపెట్టలేకపోయిన వాలు అది.

ఒక బంతి ఇచ్చాను. వంగడానికి నడుము సహకరించలేదు, అయినా ఒక మోకాలి మీద కూర్చుని, చేత్తో దొర్లించారు. గుంతకి జానెడు దూరంలో ఆగింది. "ఉరుకుతున్నది సార్ బంతి, చప్పుడే లేదు" అని నవ్వారు. తర్వాత నా పటర్ తీసుకున్నారు. బంతి ముందు నిలబడి, ఒక్కసారి కూడా దాని వైపు చూడకుండా, గుంతని చూస్తూ కొట్టారు. కొద్దిగా కుడి నుంచి బయలుదేరి, వాలు పట్టుకుని, తిరిగి వచ్చి పడింది.

చప్పట్లు కొట్టబోయాను. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి, గ్రీన్ చుట్టూ దేనికోసమో వెతుకుతున్నారు.

"గోనెసంచి ఏడున్నది సార్? మన అడుగులు పడ్డయి కదా."